మాధుకరం నుండి పద్యగానం దాకా: ఘంటసాల విద్యార్థిజీవితం, గానశైలి

పద్యాన్ని చదవవలెనా, పాడవలెనా అనే ప్రశ్న నేటిది కాదు. పాణినీయ శిక్ష అధమపాఠకులను ఆరు విధాలుగా లెక్కించి, వారిలో మొదటిస్థానం పాడుతూ చదివేవానికే ఇచ్చింది. తొందరపడేవాడు, తల ఊపేవాడు, వ్రాత చూచి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతులో బలం లేనివాడు ఆ తరువాతివారు. నాట్యశాస్త్రంలో భరతముని పాఠ్యానికే స్వరాలను విధించినాడు. హాస్యశృంగారాలకు మధ్యమపంచమాలు, వీరరౌద్రాద్భుతాలకు షడ్జర్షభాలు, కరుణకు గాంధారనిషాదాలు, బీభత్సభయానకాలకు ధైవతం అని వ్యవస్థ చేసినాడు. ఒకచోట నిషేధం, మరొకచోట విధి. వేదపాఠం వేరు, నాట్యపాఠ్యం వేరు అని విషయభేదం చూపి ఈ రెండు వాక్యాలకు సమన్వయం చెప్పవచ్చు. అయితే తెలుగు పద్యం విషయంలో ఆ సమన్వయాన్ని కంఠంతో చేసి చూపినవాడు ఘంటసాల వేంకటేశ్వరరావు. ఆయనను చలనచిత్ర గాయకుడని మాత్రమే తలచి పండితులు చాలాకాలం పక్కన ఉంచినారు. ఆయన పద్యగానశైలికి మూలం మద్రాసు చిత్రశాలల్లో కాక విజయనగరం వీధులలో, ఒక పేద గురువు ఇంట, ఆయన గడిపిన విద్యార్థి దశలో ఉన్నది. అందుచేత ఆ దశను కొంత వివరంగా చూడవలసి ఉన్నది.

ఘంటసాల 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో జన్మించినాడు. తల్లి రత్తమ్మ, తండ్రి సూర్యనారాయణ. ఆ తండ్రి భజనలలో నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. తండ్రి తరంగం పాడుతూ ఉంటే బాలుడు దానికి తగినట్లు నర్తించేవాడు. ఊరివారు ముచ్చటపడి ఆ పిల్లవానిని బాలభరతుడని పిలిచినారు. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. కృష్ణలీలాతరంగిణి సంస్కృతరచన. దానిలో శ్లోకమూ, గద్యమూ, గేయమూ ఒకదానివెంట ఒకటి వస్తాయి. శ్లోకం చదివి తరంగం ఎత్తుకొనే గాయకుని గొంతు పాఠ్యం నుండి గేయానికి, గేయం నుండి పాఠ్యానికి నిరంతరం మారుతూ ఉంటుంది. అక్షరాభ్యాసం నాటికే ఈ మార్పు ఆ బాలుని చెవిలో పడింది.

తండ్రి సుఖం ఎక్కువకాలం దక్కలేదు. బాలునికి పదిపదకొండేళ్ళ వయస్సులో సూర్యనారాయణ మరణించినాడు. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలెనన్నది ఆయన చివరి కోరిక. కుటుంబభారం మేనమామ మీద పడింది. కొంతకాలం తరువాత పొరుగున జరిగిన ఒక కచేరీలో విద్వాంసులతో పోటీకి దిగి ఈ బాలుడు నవ్వులపాలైనాడు. ఆ అవమానమే తండ్రి మాటను మళ్ళీ గుర్తుచేసిందని జీవితచరిత్రకారులు చెబుతారు. సంగీతం చెబుతామన్న వారి ఇళ్ళలో కొంతకాలం ఉన్నాడు గాని, అక్కడ బట్టలుతకడం, వంటచేయడంతోనే కాలం గడిచింది. స్వరం మాత్రం రాలేదు. గురుశుశ్రూష విద్యకు అంగమే. విద్య లేని శుశ్రూష మాత్రం ఉత్త వెట్టి. బాలుడు ఆ ఇళ్ళను విడిచిపెట్టినాడు. దాచుకొన్న బంగారు ఉంగరాన్ని దాని వెలకు ఎంతో తక్కువకు అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరినాడు.

ఆనాటి విజయనగరం ఎట్టిదో తెలిస్తే ఈ ప్రయాణంలోని తెగువ అర్థమవుతుంది. విజయరామ గజపతిరాజు 1919లో అక్కడ సంగీతకళాశాల నెలకొల్పినాడు. ఆస్థానోద్యోగి కుమారుడైన ఒక అంధబాలునికి సంగీతం చెప్పించవలెనన్న సంకల్పం నుండి ఆ కళాశాల పుట్టిందని ప్రసిద్ధి. తొలి అధ్యక్షుడు హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆయన విరమించిన తరువాత ఆ పీఠం వాయులీనవిద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడికి వచ్చింది. వీణ వేంకటరమణదాసుగారి వంటి వైణికులు ఆ ఊరివారే. సంస్కృతకళాశాలలో తాతా సుబ్బరాయశాస్త్రిగారి వ్యాకరణపాఠాలు సాగిన ఊరు అది. గురజాడ అప్పారావు జీవితంలో ఎక్కువభాగం గడిపిన ఊరు కూడా అదే. ఒకే పట్టణంలో శబ్దశాస్త్రం, నాదశాస్త్రం, హరికథ, కొత్త కవిత్వం ఇట్లా ఇరుగుపొరుగుగా ఉండడం తెలుగుదేశంలో అరుదు.

1930ల ద్వితీయార్ధంలో ఘంటసాల అక్కడకు చేరేసరికి వేసవిసెలవులు. కళాశాల మూసి ఉన్నది. నాయుడుగారిని ఆశ్రయింపగా, సెలవులు పూర్తి అయ్యేవరకు కళాశాల ఆవరణలో పడుకోవడానికి అనుమతి దొరికింది. భోజనానికి వారాలు కుదుర్చుకొన్నాడు. వారాలు అంటే ఏమిటో ఓరియంటల్ కళాశాలల వారికి విడమరచి చెప్పనక్కరలేదు. పాతతరం పండితులలో సగంమంది వారాలు చేసుకొని కౌముది చదివినవారే. ఏడు రోజులకు ఏడిళ్ళు. ఒక ఇంట శుభమో అశుభమో కలిగితే ఆ రోజు ఉపవాసమే.

ఆ కొద్దిపాటి ఏర్పాటు కూడా నిలువలేదు. తోటి విద్యార్థులు చేసిన ఒక తప్పు ఈ కొత్త కుర్రవాని మీదికి వచ్చింది. బస పోయింది. సంగతి తెలిసి వారాల ఇళ్ళవారు రావద్దన్నారు. ఊరి గుడిలో తలదాచుకొన్న ఆ బాలునికి అక్కడ ఉన్న ఒక సాధువు జోలె కట్టి మాధుకరం చేసే విధం నేర్పినాడంటారు.

తేనెటీగ ఒక్కొక్క పూవు నుండి కొంచెం కొంచెం మకరందం గ్రహిస్తుంది. ఏ పూవూ నలగదు. మాధుకరవృత్తి అనే పేరులోని భావం ఇదే. బ్రహ్మచారి నిత్యం ఒక్కరి అన్నమే తినరాదని, పలు ఇళ్ళ భిక్షతో బ్రతుకవలెనని ధర్మశాస్త్రాలు విధించినవి. యాచనను వ్రతంగా మార్చిన విధి అది. ఇరవయ్యవ శతాబ్దపు పట్టణంలో మాత్రం ఆ వ్రతానికి పూర్వపు గౌరవం సన్నగిల్లింది. పదిహేనేళ్ళ కుర్రవాడు భుజాన జోలెతో గుమ్మం ముందు నిలిస్తే, ఆ గృహిణికి అతడు వేదవిద్యార్థో, సంగీతవిద్యార్థో, ఉత్త బిచ్చగాడో తెలిసేదెట్లా? కొన్ని గుమ్మాలలో అన్నం పడింది, కొన్నింటిలో మాట పడింది. రెండుపూటలకు చాలినంత దొరికిన రోజున మధ్యాహ్నం తిన్నది పోగా మిగిలినదానిని గుడ్డలో మూటకట్టి రాత్రికి దాచుకొనేవాడు. ఆ మూటకు చీమలు పట్టేవి. అన్నం దాచుకొనడానికి ఒక డబ్బా కొనడానికైనా చేతిలో డబ్బు లేక మేనమామకు ఉత్తరం వ్రాసి తెప్పించుకొన్నాడని చెబుతారు. తరువాతికాలంలో ఆంధ్రదేశమంతటా గ్రామఫోను పెట్టెలలో మ్రోగిన గొంతుకు విజయనగరంలో ఉన్న ఆస్తి ఒక జోలె, ఒక డబ్బా. ఆ రోజులలో తనకు భిక్ష పెట్టిన ఇళ్ళను ఆయన కడవరకు మరువలేదు.

ఇట్టి సమయంలో ఆయనను చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చిన్నగురువుగారని వారికి ప్రసిద్ధి. వారి తండ్రి నరసింహశాస్త్రిగారు సాలూరు పెద్దగురువుగారు. సీతారామశాస్త్రిగారు 1936లో విజయనగరం కళాశాలకు గాత్రాచార్యులుగా వచ్చినారు. వారూ సంపన్నులు కారు. అన్నం పెట్టగల స్తోమత లేదని, విద్య మాత్రం దాచకుండా చెబుతానని తెలిపి ఆయనను శిష్యునిగా స్వీకరించినారు. సెలవుల తరువాత కళాశాలలో ప్రవేశం దొరికింది. మాధుకరం మాత్రం ఆగలేదు. ఉదయం సాధన, కళాశాల పాఠం, నడుమ జోలె పట్టుకొని వీధులు తిరగడం, మళ్ళీ సాధన – ఇదీ ఆయన దినచర్య. నాలుగేళ్ళ పాఠక్రమాన్ని రెండేళ్ళలో ముగించినాడని చెప్పే మాటకు ఈ దినచర్యలోనే సమాధానం ఉన్నది. ఆకలితో ఉన్నవానికి సెలవులు లేవు, వేడుకలు లేవు; మిగిలిన కాలమంతా విద్యదే.

గురువు ఏమిచ్చినారన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. సీతారామశాస్త్రిగారు గాయకులు మాత్రమే కారు. సాహిత్యం ఎరిగినవారు, స్వయంగా కృతులు రచించిన వాగ్గేయకారులు. వారి కచేరీపద్ధతి కూడా ప్రత్యేకమైనది. హార్మోనియం తామే వాయించుకొంటూ పాడేవారు. పక్కవాద్యంతో పోటీ లేదు, తని ఆవర్తనం కోసం ఎదురుచూపు లేదు. గాత్రానికి, వాద్యానికి ఒకే మనస్సు. ఈ పద్ధతిలో పాడేవానికి ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ సాగవలెనో నిర్ణయించేది తాళపు లెక్క ఒక్కటే కాదు, మాట కూడా. స్వరం పదాన్ని మోసుకొని పోవలెను. పదం మీద ఎక్కి కూర్చొనరాదు. ఘంటసాల పద్యగానానికి బీజం ఈ గురుసన్నిధిలో పడిందని ఆ పద్యాలు విన్న ఎవరికైనా తోస్తుంది.

గురువు ఇచ్చినది ఒకటైతే, ఊరు ఇచ్చినది మరొకటి. నాయుడుగారి కమాను నాదం విజయనగరం గాలిలో ఉండేది. చూపు మందగించిన ఆ మహావిద్వాంసుడు తీగమీద పలికించే సన్నని జాడలు గాత్రధర్మానికి అతి సమీపంగా ఉండేవని రసికులు మెచ్చుకొన్నారు. గాత్రాన్ని అనుకరించే వాయులీనం ఉన్నచోట, వాయులీనపు జారులను గాత్రంలోకి తెచ్చుకొనే శిష్యుడు పుట్టడంలో వింత లేదు. నారాయణదాసుగారు ఉద్యోగం విరమించినా ఆ ఊరిలో హరికథాసంప్రదాయం విరమించలేదు. హరికథకుడు ఒక్కడే. వచనం చెప్పవలెను, పద్యం చదవవలెను, కీర్తన పాడవలెను, పాత్ర మారినప్పుడల్లా గొంతు మార్చవలెను. చలనచిత్రంలో ఒకే గాయకుడు రామునికి, రావణునికి, విరహికి, తాగుబోతుకు గొంతు ఇవ్వవలసివచ్చినప్పుడు ఉపకరించే విద్య ఇదే. డబ్బు లేని విద్యార్థికి పట్టణం ఇచ్చే నిజమైన వేతనం వినికిడి. గుడిలో జరిగే కచేరీకి టిక్కెట్టు ఉండదు.

చదువు ముగిసిన తరువాత కొంతకాలం విజయనగరంలో కచేరీలు చేసి, స్వగ్రామం చేరి ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ గడిపినాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి దగ్గరి అలీపురం చెరసాలలో నిర్బంధింపబడినాడు. విడుదలైన పిమ్మట 1944లో సావిత్రమ్మతో వివాహం జరిగింది. అత్తవారి ఊరు పెదపులివర్రులో ఆయన పాట విన్న సముద్రాల రాఘవాచార్య మద్రాసు రమ్మని ప్రోత్సహించినాడు. మద్రాసు కూడా మొదట విజయనగరం వలెనే ఎదురైంది. సముద్రాలవారి చిన్న ఇంట చోటుచాలక రాత్రులు పానగల్ పార్కులో నిద్రించిన రోజులు ఉన్నవి. ఒక గ్రామఫోను సంస్థ ఆయన గొంతు పనికిరాదని త్రిప్పి పంపింది. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు అవకాశాలు కల్పించినాడు. 1944లో వచ్చిన సీతారామజననం చిత్రంలో బృందగానం, 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో యుగళగీతం. అక్కడి నుండి దారి తెరుచుకొన్నది. 1949లో కీలుగుర్రం, మనదేశం, 1950లో షావుకారు, 1951లో పాతాళభైరవి – సంగీతదర్శకునిగా ఆయన పేరు స్థిరపడింది. ఈ భాగం అందరికీ తెలిసినదే కనుక విస్తరింపనక్కరలేదు.

ఇక పద్యం సంగతి. ఘంటసాల రంగంలోకి వచ్చేనాటికి తెలుగు పద్యగానం నాటకరంగం చేతిలో ఉన్నది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకులు పద్యానికి అపారమైన జనాకర్షణ సంపాదించిపెట్టినారు. దానితోపాటు ఒక వ్యాధి కూడా పట్టుకొన్నది. పద్యపాదం చివరి అక్షరం పట్టుకొని రాగం సాగుతూ పోయేది. ప్రేక్షకులు మళ్ళీ పాడమనేవారు. యుద్ధరంగంలో నిలిచిన కృష్ణుడు, శవం ముందు నిలిచిన హరిశ్చంద్రుడు, ఇద్దరూ ఆ కోరిక మన్నించేవారు. రసం చెడినా రాగం మిగిలేది. పాణినీయ శిక్ష నిందించిన గీతిదోషానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఈ విసుగుతోనే కొందరు నాటకాలలో పద్యమే వద్దన్నారు. అది తలనొప్పికి తల తీయడం వంటిది.

నిజానికి జనం పాడుకొనడం కోసమే కావ్యం వ్రాసే సంప్రదాయం తెలుగులో పాతది. తెలంగాణంలో దేవరుప్పులకు పొరుగుననే పాలకుర్తి, బమ్మెర గ్రామాలు ఉన్నవి. పాలకుర్తికి చెందిన సోమనాథుడు వృత్తపద్యాలను కాదని ద్విపదను ఎన్నుకొన్నది అది సామాన్యులందరికీ అందుతుందనే. పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణంలో ఆయన రాగాల పేర్లు, వీణల పేర్లు, జనం పాడుకొనే పదాల పేర్లు పట్టిక వేసినట్లు చెప్పినాడు. బమ్మెర పోతన భాగవతం వృత్తపద్యాలలో ఉన్నా, ఆ పద్యాలు చదువురానివారి నోట కూడా నిలిచినవి. వాటిలోని శబ్దమే పాటకు దగ్గరగా ఉండడం ఇందుకు కారణం. ద్విపదను గేయంగా విన్నవారు, భాగవతపద్యాన్ని పాఠ్యంగా విన్నవారు ఆ పల్లెలలో ఒకే అరుగుమీద కూర్చొనేవారు. కాబట్టి పద్యం పాడరాదన్న వాదం శాస్త్రాన్ని సగమే చూచి చేసిన వాదం. ఎట్లా పాడవలెనన్నదే అసలు ప్రశ్న.

ఘంటసాల చేసినదేమిటి? మొదట ఆలాపనను కుదించినాడు. పద్యం ఎత్తుకొనేముందు రాగఛాయ కొద్దిగా చూపి, పద్యం చివర రసానికి చాలినంత మాత్రమే రాగం సాగించినాడు. రెండవది, పాదాంతంలో విరుపు మానివేసినాడు. తెలుగు వృత్తాలలో వాక్యం పాదం దాటి ప్రవహిస్తుంది. సమాసం ఒక పాదంలో మొదలై మరొక పాదంలో ముగుస్తుంది. నాటకాలవారు ఛందస్సు ఆగినచోట ఆగేవారు. ఈయన అర్థం ఆగినచోట ఆగినాడు. పదచ్ఛేదమని శిక్షాకారులు పాఠకుని గుణాలలో చెప్పినది దీనినే. యతిస్థానం చెవికి తెలుస్తూనే ఉంటుంది గాని, అక్కడ మాట తెగదు. మూడవది అక్షరవ్యక్తి. ఒత్తక్షరం ఒత్తక్షరంగా, శకారం శకారంగా, సంయుక్తాక్షరం పూర్తిగా వినబడుతుంది. శార్దూలవృత్తంలోని దీర్ఘసమాసాన్ని ఆయన పాడగా విని పదవిభాగం చేసుకొన్న విద్యార్థులు ఉన్నారంటే అతిశయోక్తి కాదు. నాలుగవది, అన్నింటికంటె గొప్పది, స్థాయీవివేకం. కోపంలో కూడా గొంతు చించుకొనడు. దుఃఖంలో మంద్రానికి దిగుతాడు. ఆయన మంద్రస్థాయిలోని గాంభీర్యం అనితరసాధ్యం.

జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలను ఆయన గ్రామఫోను రికార్డులకు పాడినప్పుడు ఈ శైలి ఏ నటుని ఆసరా లేకుండా నిలిచింది. అక్కడ తెర లేదు, వేషం లేదు. పద్యం, గొంతు, కొద్దిపాటి వాద్యం మాత్రమే. పుష్పవిలాపం పుస్తకంలో చదివినవారి సంఖ్య కంటె విన్నవారి సంఖ్య ఎన్నో రెట్లు. కరుణశ్రి కవిత్వంలో మాధుర్యం పాలు ఎక్కువై శక్తి పాలు తక్కువైందని విమర్శకులలో కొందరి అభిప్రాయం. ఆ విమర్శలో కొంత నిజమున్నా, ఆ మాధుర్యానికి సరిగ్గా తగిన గొంతు దొరికిందని ఒప్పుకొనవలెను. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయాల పద్యాలను 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారం చిత్రంలో ఆయన పాడిన తీరు మరొక పరీక్ష. ఊరూరా నాటకాలలో నలిగి, ప్రతి పల్లెకు ఒక బాణీ ఏర్పడిన పద్యాలవి. వాటిని కొత్తగా పాడి మెప్పించడం సులభం కాదు. రాయబారిలోని వినయం వెనుక ఉన్న హెచ్చరికను ఆయన స్వరం పెంచి కాక, మాటమీద ఒత్తు మార్చి చూపినాడు. కాకువు అని ఆలంకారికులు చెప్పేది ఇదే.

సంస్కృతం విషయం ప్రత్యేకంగా చెప్పవలసినది. 1960లో వచ్చిన మహాకవి కాళిదాసు చిత్రంలో పెండ్యాల నాగేశ్వరరావు సంగీతంలో ఆయన శ్యామలాదండకం పాడినాడు. దండకం పాడడం కత్తిమీద సాము. గణాలు ఒకే తీరున పరుగెత్తుతూ ఉంటాయి, సమాసాలు ఊపిరి తీసుకొననివ్వవు. లయకు లొంగితే అర్థం పోతుంది, అర్థానికి ఆగితే దండకపు నడక పోతుంది. రెండూ పోకుండా పాడినందుననే, సంస్కృతం అక్షరమైనా రాని ఇళ్ళలో కూడా ఆ దండకం కంఠస్థమైంది. పాఠశాలలలో శ్యామలాదండకం నేర్చే పిల్లలు గురువు చెప్పిన నడక విడిచి ఆ చిత్రపు నడకలో చదువుతున్నారని విసుగుకొన్న పండితులు లేకపోలేదు. ఆ విసుగులోనే ప్రశంస ఉన్నది.

1963లో వచ్చిన లవకుశ చిత్రానికి సంగీతదర్శకత్వం ఆయనదే. పాఠ్యంలోను గేయంలోను మధురమైనదని రామాయణాన్ని గురించి బాలకాండలోనే చెప్పబడింది. దానిని మొదట నేర్చి వీధులలో, ఋషివాటికలలో, చివరకు రాజసభలో గానం చేసినవారు ఇద్దరు విద్యార్థులు, ఆశ్రమంలో పెరిగిన కుర్రవాళ్ళు. ఆ ఇద్దరి గానానికి స్వరరచన చేసే పని ఒకనాడు వీధులలో జోలె పట్టుకొని తిరిగిన సంగీతవిద్యార్థికి రావడం చిత్రమైన సంఘటన. చిత్రంలో కుశలవులకు గొంతు ఇచ్చినవారు పి. లీల, పి. సుశీల. సుశీల కూడా విజయనగరం కళాశాలలో చదివినవారే. ఆ పాటలలో గమకాల ఆడంబరం లేదు. కథ చెప్పే పిల్లల గొంతులో ఎంత సంగీతం ఇముడుతుందో అంతే ఉన్నది.

శాస్త్రీయసంగీత విద్వాంసులలో కొందరు ఆయనను తమవానిగా అంగీకరించలేదు. విద్య నేర్చి సినిమాకు అమ్ముకొన్నాడన్న మాట వినబడింది. నాటకపద్యాభిమానులకు ఆయన రాగం చాలలేదు. ఈ రెండు నిందలు ఒకదానినొకటి ఖండించుకొంటున్నవి. హిందుస్తానీ మహాగాయకుడు బడే గులాం అలీఖాన్ మద్రాసులో ఆయన ఇంట అతిథిగా ఉన్నాడు. ఠుమ్రీలో ఒకే మాటను పలు భావాలతో పలికించగల ఆ ఉస్తాదు గానం ఈయనకు ఎంత ప్రేరణ ఇచ్చిందో రాగేశ్వరి, భీంపలాసి వంటి రాగాలను ఆయన వాడిన తీరులో కనబడుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థానగాయకునిగా గౌరవించింది. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం చిత్రంలో స్వామి సన్నిధిలో పాడే గాయకునిగా తెరమీద కూడా కనబడినాడు. పంచె, చొక్కా, వేదికమీద కదలిక లేకుండా కూర్చునే తీరు – ఆహార్యంలో ఆయన కడదాకా విజయనగరం విద్యార్థివలెనే ఉండిపోయినాడు. శిరఃకంపదోషం కూడా ఆయనకు లేదని పాణినీయులు సంతోషించవచ్చు.

గురుకుటుంబంతో సంబంధం తెగిపోలేదు. సీతారామశాస్త్రిగారి కుమారుడు పట్రాయని సంగీతరావు మద్రాసు వచ్చి ఆయన సంగీతసహాయకునిగా, హార్మోనియం సహకారిగా కడవరకు ఉన్నారు. 1957లో గురువు కీర్తిశేషులైన తరువాత కూడా, గురువు వాయించిన వాద్యమే గురుపుత్రుని చేతిలో శిష్యుని పక్కన మ్రోగింది. ఘంటసాల గతించిన తరువాత సంగీతరావు వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు స్వరరచన చేసి, శతవర్షాలు దాటి జీవించి 2021లో మరణించినారు.

1970లో భారతప్రభుత్వం ఘంటసాలకు పద్మశ్రీ ఇచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో పర్యటించి కచేరీలు చేసినాడు. అప్పటికే మధుమేహం ఆరోగ్యాన్ని దెబ్బతీసింది, తరువాత గుండెజబ్బు తోడైంది. పాటలు తగ్గినవి. ఆ దశలో ఆయన పట్టుబట్టి చేసిన పని భగవద్గీత. అన్ని అధ్యాయాల నుండి ఎన్నిన శ్లోకాలు, వాటి వెంట తెలుగు తాత్పర్యం. శ్లోకం పాడిన గొంతే తాత్పర్యం చదువుతుంది. చదవడానికి, పాడడానికి మధ్య ఉన్న గీత ఈ రికార్డులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం. తాత్పర్యవచనం కూడా శ్రుతిలోనే ఉన్నది. శ్లోకం కూడా మాటవలెనే ఉన్నది. అనుష్టుప్పును ఇంత తక్కువ రాగంతో, ఇంత నిండుగా పాడడం తరంగాలు పాడిన తండ్రి వద్ద మొదలైన చదువుకు ముగింపు.

1974 ఫిబ్రవరి 11న ఆయన మద్రాసులో మరణించినాడు. వయస్సు 51. గీత రికార్డు ఆయన మరణానంతరం వెలువడింది. తరువాత తెలుగుపల్లెలలో ఒక ఆచారం ఏర్పడింది. ఇంట మరణం సంభవిస్తే ఆ రికార్డు పెడతారు. దేవరుప్పుల వంటి ఊళ్ళలో ఆ గొంతు దూరం నుండి వినబడగానే ఎవరో పోయినారని తెలుసుకొంటారు. కర్తవ్యానికి వెనుకాడినవానిని లేపి నిలబెట్టడానికి చెప్పిన గ్రంథం లేవలేనివాని పక్కన మాత్రమే మ్రోగడం విచారకరమే. కొందరు తల్లిదండ్రులు బ్రతికి ఉన్న ఇంట దానిని వినడానికే భయపడుతున్నారు. సంస్కృతకళాశాలల వారు మాత్రం దానిని తరగతిలో పెట్టి, ఒక్కొక్క శ్లోకంలో ఆయన ఎక్కడ ఊపిరి తీసుకొన్నాడో విద్యార్థులచేత గుర్తింపజేయవచ్చు. పదచ్ఛేదం చెప్పడానికి అంతకంటె సులభమైన పాఠం లేదు.